దేవుడి ముందు పద్దు విప్పకు, అల్లుడూ

ప్రియమైన అల్లుడికి,

ప్రభువు పేరిట మావయ్య దీవెనలు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. డీఎస్సీ టీచరు పోస్టుల లిస్టు వచ్చిన దగ్గర్నుంచి నువ్వు మందిరానికి రావడం మానేశావట. ఎందుకురా అని అడిగితే, "16,347 పోస్టుల్లో నాకొక్కటి ఇవ్వలేకపోయాడా? చిన్నప్పట్నుంచి డోలక్ వాయించాను, యూత్‌ని నడిపించాను, నలభై రోజులు ఉపవాసం ఉన్నాను" అన్నావట. ఆ మాట వినగానే నాకు మన ఉద్దానంలో తిత్లీ తుఫాను వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు నేనూ అచ్చం అలాగే మాట్లాడాను.

2018 అక్టోబరు 11. తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. నువ్వప్పుడు ఇంటర్. గాలి తగ్గాక తోటలోకి వెళ్తే మా తాత వేసిన కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నలభైకి పైగా ఉన్న చోట మూడు నిలిచాయి. పడిన మాను మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను కానీ, నా నోట ప్రార్థన రాలేదు, లెక్కలు వచ్చాయి. ప్రభువా, ప్రతి దింపుకీ మొదటి గెల నీ మందిరానికే పంపాను కదా. దశమభాగం ఒక్కసారైనా తప్పానా? ఇరవై ఏళ్ళు సండే స్కూలు చెప్పాను కదా. గట్టు అవతల, నీ పేరే ఎత్తని మనిషి చెట్లు సగం నిలబడే ఉన్నాయే! వాటిని చూస్తుంటే కడుపు మండిపోయింది.

ఆ ఆదివారం కరెంటు లేదు. మందిరం రేకులు ఎగిరిపోయాయి, చాపలు తడిసి ముద్దయ్యాయి. వట్టి నేల మీద కూర్చున్నాం. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆవిడ నీకు తెలుసు కదా, జీడి సొనకి వేళ్ళన్నీ నల్లబడి ఉంటాయి. ఆమె ఇల్లు గోడలతో సహా పోయింది. ఆ నల్లటి చేతులు జోడించి, "నా గుంటల్ని, నా పిల్లల్ని బతికించావు తండ్రీ. నెత్తి మీదకి ఒక బరకం కావాలి, ఎలాగైనా ఇప్పించు" అని ఆమెన్ అనేసింది. చెప్పుకోడానికి ఆమెకి మాత్రం లెక్క లేదా? వారం వారం మందిరం ఊడ్చేది ఆమే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

వినయమంటే ఏమీ అడక్కుండా ఉండటం అనుకునేవాణ్ణి. ఆమె అడిగింది, నాకంటే గట్టిగా అడిగింది. తండ్రిని అడిగినట్టు అడిగింది. నేను అప్పు తీర్చమన్నట్టు అడిగాను.

లూకా ఏడో అధ్యాయంలో కపెర్నహూము శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, ఆయన సంగతి మళ్ళీ తీసి చదువు. యూదుల పెద్దలు యేసు దగ్గరికొచ్చి, ఈయన యోగ్యుడు, మాకు సమాజమందిరం కట్టించాడు, ఈయనకి మేలు చెయ్యమని బతిమాలతారు. శతాధిపతేమో, నా ఇంట్లోకి నువ్వు రావడానికి నేను పాత్రుణ్ణి కానని స్నేహితులతో కబురు పెడతాడు. అలాగని జబ్బుపడ్డ దాసుడి కోసం అడగడం మానాడా? మాట మాత్రం సెలవిమ్మన్నాడు. ఆ విశ్వాసానికి యేసే ఆశ్చర్యపోయాడు. కట్టించిన మందిరం ఊసు ఆయన ఎత్తనే లేదు, గమనించావా?

మన మందిరానికి గచ్చు వేయించింది మీ నాన్న. గోడకి రాయి ఉంది, పేరుంది. సంతోషమే. ఆ రాయిని ప్రార్థనలోకి మోసుకెళ్ళకు.

ఈమధ్య కూటాల్లో "నీ హక్కు అడుగు, క్లెయిమ్ చేసుకో" అని చెబుతున్నారు. నాకది మింగుడుపడదు. హెబ్రీ పత్రిక మనల్ని ధైర్యంగా రమ్మన్న మాట నిజమే, కానీ రమ్మన్నది కృపాసనం దగ్గరికి. కృప దగ్గరికి బిల్లు పట్టుకుని ఎవరు వెళ్తారు? అలాగని మైకు పట్టుకుని "నేను పురుగుని, ధూళిని" అనడం కూడా నేర్చుకోకు. దాన్లో కూడా ఉండేది "నేను" అనే మాటే.

ముందు ఏడువు. దావీదు అంతటివాడు "ఎంతకాలం యెహోవా" అని అడిగాడు. తర్వాత ఒక్క వారం రోజులు, ప్రార్థనలో "నేను నీకోసం" అని మొదలయ్యే మాట రానివ్వకు. కష్టం. నాకు మూడు రోజులు నోట మాటే రాలేదు, అప్పటిదాకా నా ప్రార్థనంతా ఆ మాటలే అన్నమాట. నాలుగో రోజు గట్టు అవతలి మనిషి, తాగడానికి నీళ్ళు లేవు కదా అని మా ఇంటికి ఇరవై బొండాలు మోసుకొచ్చాడు. ఆయన చెట్లు నిలిచాయని నేను కుళ్ళుకున్నాను చూడు, ఆ చెట్ల కాయలే. ఆ రాత్రి నా నోరు తెరుచుకుంది.

ఇంకోటి. కోపం తెచ్చుకోకు. అవనిగడ్డ కోచింగ్‌లో ఏ పేపరు వదిలేశావో, మార్కులు ఎక్కడ పోయాయో కూర్చుని చూసుకో. అది దేవుడి మీద వెయ్యాల్సిన పని కాదు.

మన సంఘంలోనే పోస్టు వచ్చిన కుర్రాడి సంగతి. ఆదివారాలు సరిగ్గా రాడు, వాడికెలా వచ్చిందని నువ్వన్నావట. తప్పిపోయిన కుమారుడి అన్న కూడా, తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి విందు చేస్తే, ఇన్నేళ్ళు సేవించాను, ఒక మేకపిల్లయినా ఇవ్వలేదని విందు బయటే నిలబడిపోయాడు. "నావన్నీ నీవే" అంటూ తండ్రే గుమ్మం దాటి వచ్చి బతిమాలాడు. ఆ అన్న లోపలికి వెళ్ళాడో లేదో బైబిల్లో రాయలేదు.

తిత్లీ తర్వాత వేసిన మొక్కలు ఈ ఏడే మొదటిసారి గెలలు వేశాయి. శనివారం సాయంత్రం బస్సుకి రా, దింపిద్దాం. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గెల పట్టుకుని ఆ కుర్రాడి ఇంటికి ఇద్దరం వెళ్దాం.

మీ మావయ్య