ముత్తుకూరులో చదువుతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

పరిశోధనకు చేపల జబ్బుల మీద ఆర్ఎన్ఏ మందును ఎంచుకున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. రొయ్యలు వేసిన రోజుల్లో పేరు లేని పొడి మేతలో కలిపి ఏం పోగొట్టుకున్నానో నీకు తెలుసు. నిషేధించిన క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆనవాలు దొరికి సరుకంతా వెనక్కొచ్చింది. అదేమిటని అడగకుండా వేయడం నా తప్పే.

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. రొయ్యల్లో తెల్లమచ్చ వైరస్‌ మీద రెండు పోగుల ఆర్ఎన్ఏ పనిచేసిందని, శీలావతి చేపకు వచ్చే ఎర్రమచ్చలకూ అదే దారి అనుకోవద్దు. రెండు పోగుల ఆర్ఎన్ఏతో జన్యువు నోరు మూయించే ఏర్పాటును 1998లో ఫైర్, మెల్లో అనే శాస్త్రవేత్తలు సన్నపురుగులో చూపించారు. అది రొయ్య కణంలో ఉంది, ఎర్రమచ్చలు తెచ్చే ఏరోమోనాస్ అనే బాక్టీరియాలో లేదు. బాక్టీరియా బతకడానికి కావలసిన ప్రొటీన్ కోసం జన్యువు రాసిచ్చే చీటీకి, సరిగ్గా అతుక్కునే ఆర్ఎన్ఏ తునకను పంపి చదవనివ్వకుండా చేయాలి. బాక్టీరియా పైపొర దాటడమే కష్టం. అందుకే పెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్ ముక్కను తోడిచ్చి పంపుతారు.

తొట్టెలో గెలిచింది గుంటలో ఎందుకు ఓడుతుందో మాత్రం నన్నడుగు. ఇక్కడ తవుడు, నూనెచెక్క చిల్లుల సంచుల్లో నింపి కర్రలకు కడతాం. అవి గంటల తరబడి నానతాయి. ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఎంజైములు గుంట నీళ్లలోనూ ఉంటాయి, చేప పేగులోనూ ఉంటాయి. పొద్దుగూకేసరికి నీ తునకలో ఏం మిగులుతుంది? పైగా జబ్బు చేసిన చేప ముందు మానేది మేతనే. సంచి దగ్గరికొచ్చేవి బాగున్నవి. మందు అందాల్సింది గట్టు వారన తేలుతూ ఉంటుంది. కాబట్టి జబ్బు రాకముందే ఇచ్చేదిగా ఆలోచించమ్మా. తునకకు వేసే, నీళ్లలో విడిపోని పూత మీద ఎన్ని నెలలు పెట్టినా దండగ కాదు.

చచ్చి తేలిన చేపను ల్యాబ్‌కు తీసుకెళ్లొద్దు. కొనఊపిరితో ఉన్నదాన్ని ఐసులో పెట్టి తీసుకెళ్లి, మూత్రపిండం నుంచి బాక్టీరియాను పెంచు. ఈ తునక వరసకు వరస సరిపోతేనే పనిచేస్తుంది. బాక్టీరియాను తప్పుగా గుర్తించావంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే. పనిచేస్తుందని పూర్తిగా తేలేదాకా రైతుల దగ్గర దాన్ని మందని పిలవకు. అప్పుల్లో ఉన్నవాళ్లు ఆ మాట పట్టుకుని ఎదురుచూస్తారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ పూత కొంచెం తెచ్చుకో. తవుడు సంచి మన చిన్న గుంటలో కడదాం, గంటగంటకూ తీసి చూసుకుందువు.

మీ మామయ్య,
ఇందుకూరుపేట