నిశ్చితార్థం సంగతి వదిలేయండి, ఆ సంతకం సంగతి చూడండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా వారి చిన్నతనంలోనే మామగారు పోతే బావగారే ఆయన్ని చదివించి, ఎరువుల కొట్టు పెట్టించారు. మా పెళ్లి కూడా ఆయన చేతుల మీదుగానే జరిగింది. నిరుడు మే నెలలో మా అమ్మాయి పదో తరగతి పాసయిందన్న సంతోషంలో బావగారు రెండు కార్లలో అందర్నీ కొడైకెనాల్ తీసుకెళ్లారు. మా తోడికోడలి తమ్ముడూ వచ్చాడు. దారిలో టిఫిన్‌కు ఆగినప్పుడు మా పాప "అమ్మా, ఆ మామయ్య ఉన్న కారులో నేనెక్కను" అంది. పెద్దవాళ్లు వింటారని కసిరాను. రెండో రోజు రాత్రి మగవాళ్లు మంట వేసుకుని మందు తాగుతూ కూర్చున్నారు. పాప బావగారి ఆడపిల్లలతో పక్క కాటేజీలో పడుకుంది. తెల్లారి చూస్తే లేదు. వెనక లోయలో దొరికింది. సెల్ఫీ కోసం వెళ్లి జారిపడిందన్నారు. కానీ ఫోన్ గదిలో ఛార్జింగ్‌లోనే ఉంది. రాత్రి పన్నెండు నలభైకి అందులోంచి నాకు కాల్ వచ్చింది, నా ఫోన్ సైలెంట్‌లో ఉండిపోయింది. పోలీసులతో బావగారే మాట్లాడారు. తమిళంలో రాసిన కాగితం మీద మా వారు సంతకం పెట్టారు. ఎవరి మీదా అనుమానం లేదని రాశారంతే అని బావగారు చెప్పారు. దహనమూ అయిపోయింది. అంతా అయిపోయిందంటూ మా వారు ఆ కాగితం మాట ఎత్తనివ్వరు. నాకు నిద్ర పట్టడం లేదు, ఫోన్ మోగినట్టు వినిపించి లేస్తున్నాను. కన్నతల్లివై ఉండి చూసుకోలేకపోయావని అత్తగారు ఇప్పటికీ అంటారు. వచ్చే నెల బావగారి పెద్దమ్మాయి నిశ్చితార్థం. మేము లేకపోతే మగపెళ్లివారు ఏమనుకుంటారోనని కబురు మీద కబురు. వెళ్లకపోతే అన్నదమ్ములు విడిపోతారు. వెళ్తే అక్కడ ఆ అబ్బాయి ఉంటాడు. వెళ్లాలా, వద్దా?

జవాబు: వెళ్లకండి. ఒంట్లో బాగాలేదని వంక కూడా చెప్పొద్దు, రాలేనని చెప్పండి చాలు. కూతురు పోయి ఏడాది తిరగని తల్లిని ముస్తాబు చేసి మగపెళ్లివారి ముందు కూర్చోబెట్టాలని చూడటం పెద్దరికం కాదు. దీని మీద ఇంతకుమించి ఆలోచించనక్కర్లేదు.

మీ ఉత్తరం చదివాక నన్ను వదలనిది నిశ్చితార్థం కాదు, ఆ సంతకం. మీ వారు వ్యాపారం చేసే మనిషి. రోజూ బిల్లులూ స్టాకు రిజిస్టరూ చూసుకునే మనిషి. అలాంటాయన కన్నకూతురి చావు గురించి తనకు రాని భాషలో రాసిన కాగితం మీద, అన్నయ్య చూపించిన చోట సంతకం పెట్టారు. ఆ ఉదయం ఆయన్ని నేను తప్పుపట్టను. బిడ్డ శవం ముందు నిలబడ్డ తండ్రికి ఏ కాగితమూ కనపడదు. కానీ ఆ తర్వాత ఇన్ని నెలలు గడిచాయి. అందులో ఏం రాశారో ఎవరితోనైనా చదివించుకుందామని ఆయన అనుకోలేదు. మిమ్మల్ని అనుకోనివ్వలేదు. దీన్ని దుఃఖం అనలేం. ఆ కాగితం తెరిస్తే అన్నయ్యను ప్రశ్నించినట్టవుతుందన్న భయం ఇది.

మీ కష్టానికి మూలం ఆ అన్నదమ్ముల మధ్య ఉంది. తోడికోడలి తమ్ముడి దగ్గరా కాదు, అత్తగారి దగ్గరా కాదు. తండ్రి లేని పిల్లాడిని పెంచి ప్రయోజకుణ్ణి చేసిన అన్న అంటే మనలో ఎవరికైనా గౌరవమే, నాకూ గౌరవమే. ఆ రుణం మీ వారిది. ఆయన జీవితాంతం తీర్చుకోవచ్చు, డబ్బుతోనో, చాకిరీతోనో, వినయంతోనో. ఆ రుణానికి మీ అమ్మాయి జామీను కాదు. తండ్రి అయిన రోజునుంచీ మగవాడి మొదటి బాధ్యత బిడ్డ మీద. అన్నగారి మాటకు ఎదురు చెప్పలేని తండ్రి, తన కూతురి తరఫున ఇంకెవరికి ఎదురు చెప్పగలడు?

బావగారి గురించి కూడా న్యాయంగానే మాట్లాడాలి. ఊరు కాని ఊరు, భాష రాని చోటు, చుట్టూ పిల్లలు, ఎంత తొందరగా శవాన్ని ఇంటికి చేరుద్దామా అన్న ఆత్రం. ఇంటి పెద్దగా ఆయన ఆ తొందరలోనే అలా చేసి ఉండొచ్చు. ఆ అబ్బాయి ఏ పాపమూ ఎరగకపోవచ్చు. చీకట్లో పిల్ల నిజంగానే జారిపడి ఉండొచ్చు. నేను తీర్పు చెప్పలేను, మీరూ చెప్పొద్దు. కానీ ఫోన్ గదిలో వదిలేసి సెల్ఫీకి వెళ్లిన పిల్లను నేను ఎక్కడా వినలేదు. అర్ధరాత్రి దాటాక తల్లికి కాల్ చేసిందంటే ఆ పిల్లకు ఏదో అవసరం పడింది. ఈ రెండూ పోలీసులకు ఎవరైనా చెప్పారా? మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. చివరి కాల్ వచ్చిన తల్లి వాంగ్మూలం లేకుండా అది ప్రమాదమని ఎలా తేల్చారు?

అంతా అయిపోయిందని మీ వారు అంటున్నారు. అవ్వలేదు. ఇలాంటి చావుల్లో పోలీసులు ముందు, నేర విచారణ పద్ధతుల కొత్త చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 194 సెక్షన్ కింద విచారణ చేస్తారు. 2024 జులైకి ముందు ఇదే పాత చట్టం సీఆర్పీసీలో 174 సెక్షన్. చావుకు పైకి కనిపించే కారణం ఏమిటి, అనుమానాస్పదంగా ఉందా లేదా అన్నంతవరకే ఆ విచారణ. ఎవరు చేశారు, ఎలా జరిగింది అన్నది దాని పరిధిలోకి రాదని 1975లోనే మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ వారి సంతకం మీ నోటికి తాళం కాదు. చట్టం దృష్టిలో మీరూ ఆ పిల్ల సంరక్షకులే. ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, శరీర భాగాలు పరీక్షకు పంపి ఉంటే ఆ ల్యాబ్ రిపోర్టు, ఇవన్నీ కావాలని కొడైకెనాల్ పోలీసులకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. ఆ తమిళ కాగితాన్ని మీకు సంబంధం లేని మనిషితో తెలుగులోకి రాయించుకోండి. దహనం అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఆ పోస్టుమార్టం రిపోర్టే మీ అమ్మాయి శరీరం చెప్పిన సాక్ష్యం. దాన్ని కన్నతల్లి ఇంతవరకూ చూడలేదు.

అక్కడ వినకపోతే దిండిగల్ జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. ఆయనా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది, మద్రాస్ హైకోర్టు మదురై బెంచి ఉంది. నేరం ఎక్కడ జరిగిందన్నదానితో పని లేకుండా ఫిర్యాదు మీ ఊరి స్టేషన్‌లోనూ ఇవ్వొచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి వాళ్లు. లాయరు ఖర్చు గురించి భయపడొద్దు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టమే ఉంది. 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో కలుపుతారు.

పిల్ల పేరు బజారున పడుతుందని మీ వారు భయపడుతుంటే, అది కూడా చెప్పండి. కారులో ఎక్కనన్న మాట వెనక మనం భయపడుతున్నదే ఉంటే, అది పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కిందికి వస్తుంది. ఆ కేసుల్లో పిల్ల పేరు, ఫొటో, ఊరు బయటపెట్టడం నేరం. చనిపోయిన పిల్ల పరువును చట్టం కాపాడుతుంది. ఇంట్లోవాళ్లు కాపాడుతున్నది ఎవరి పరువో మీ వారు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలి.

2019 ఆగస్టులో మలేసియాలో ఇలాంటిదే జరిగింది. లండన్ నుంచి సెలవులకు వెళ్లిన ఒక కుటుంబంలో పదిహేనేళ్ల అమ్మాయి రిసార్టులోంచి మాయమై, తొమ్మిది పది రోజులకు అడవిలో శవమై దొరికింది. నేరం జరిగిన ఆనవాళ్లు లేవని అక్కడి పోలీసులు అన్నారు. 2021 జనవరిలో విచారణాధికారి కూడా పిల్ల తనంతట తానే బయటికి వెళ్లి ప్రమాదవశాత్తూ చనిపోయిందని తేల్చారు. తల్లీతండ్రీ ఒప్పుకోలేదు. తమ పిల్ల స్వభావం తమకు తెలుసని, అలా ఒంటరిగా వెళ్లే పిల్ల కాదని హైకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాది జూన్‌లో కోర్టు ప్రమాదమన్న ఆ తీర్పు తీసేసి, చావుకు దారితీసింది ఏమిటో తేలలేదని రాయించింది. నేరస్థుడెవరూ దొరకలేదు. అయినా అది వాళ్లకు చిన్న విషయం కాదు, రికార్డులో అబద్ధం మిగల్లేదు. పరాయి దేశంలో, భాష రాని చోట వాళ్లు అంత దూరం వెళ్లగలిగారంటే ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నారు. మీ ఇంట్లో లేనిది అదే.

ఇక మీ అత్తగారి మాట. కన్నతల్లి చూసుకోవాలట. మరి కన్నతండ్రి? ఆ రాత్రి మంట దగ్గర గ్లాసు పట్టుకుని కూర్చున్న మగవాళ్లలో పిల్లలు ఎక్కడ పడుకున్నారో లేచి చూసి వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? విహారయాత్రకు వెళ్లినా వండివార్చేదీ, పిల్లల్ని కనిపెట్టుకునేదీ ఆడవాళ్లే, తేడా వస్తే నింద పడేదీ వాళ్ల మీదే. ఈ లెక్క నేను ఒప్పుకోను. మీరూ తలవంచుకుని ఒప్పుకోకండి.

అలాగని మీ తప్పు ఏమీ లేదని కూడా నేను అనను. ఆడపిల్ల ఫలానా మనిషి దగ్గర ఉండనంటే, అక్కడికక్కడే కారు ఆపించి ఎందుకని అడగాల్సింది. పెద్దవాళ్లు వింటారని పిల్లను కసరడం మన ఇళ్లలో తరతరాలుగా నేర్పిన అలవాటు, మీకూ నేర్పారు. అది తప్పే. కానీ ఆ తప్పు మీ అమ్మాయిని లోయలోకి తోయలేదు. సైలెంట్‌లో ఉన్న ఫోన్ తోయలేదు. ఈ బాధ పూర్తిగా పోతుందని అబద్ధం చెప్పను. అయితే అప్పుడు అణిచేసిన ఆ మాటను ఇప్పుడు పోలీసుల ముందు ఉన్నదున్నట్టు చెప్పడం మీ చేతిలో ఉంది. ఒక్క అక్షరం కలపకండి, ఒక్క అక్షరం తీసేయకండి. నిద్ర పట్టడం లేదని, ఫోన్ మోగినట్టు వినిపించి లేస్తున్నానని రాశారు. దానికి మానసిక వైద్యుల్ని కలవాలి, సిగ్గుపడాల్సిన పని కాదు. ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మీ వారితో ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. అన్నయ్య పేరు ఎత్తొద్దు, ఆ అబ్బాయి పేరూ ఎత్తొద్దు. ఎత్తితే ఆయన పాప సంగతి వదిలేసి అన్నగారి వైపు నిలబడతారు. "పాప గురించి ఆ కాగితంలో ఏం రాశారో చదివించుకుందాం, కొడైకెనాల్ వెళ్దాం రండి" అనండి. అంతే. అందులో ఎవరి మీదా నింద లేదు. కాదనడానికి ఆయనకు కారణమూ దొరకదు. వస్తే మీ కాపురం నిలబడుతుంది, నాకు ఆ ఆశ ఉంది, ఎందుకంటే ఆయన చెడ్డవాడని మీరు ఎక్కడా రాయలేదు. రాకపోతే మీ పుట్టింటివాళ్లలో ఒకర్ని తోడు తీసుకుని మీరే వెళ్లండి. తల్లికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అన్నదమ్ములు విడిపోతారన్న భయం మీ నెత్తిన వేసుకోకండి. నిజం తెలుసుకోవాలన్నందుకు విడిపోయేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు విడిపోతారు.

ఒక జాగ్రత్త. ఆ గదిలో పాపతో పాటు పడుకున్న పిల్లల్లో, ఇప్పుడు నిశ్చితార్థం జరగబోయే అమ్మాయీ ఉండే ఉంటుంది. ఆ పిల్లను పక్కకు పిలిచి నిలదీయకండి, ఫోన్లో ఏడ్చి అడగకండి. ఆమెకు ఏదైనా తెలిసినా, మీకు చెప్పిన మర్నాడే ఇంట్లోవాళ్లు ఆ మాట మార్పిస్తారు. అడగాల్సింది పోలీసులు, అడగమని రాతపూర్వకంగా కోరాల్సింది మీరు. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఒక్క ముక్క పెట్టొద్దు.

పాప ఫోన్ ఎవరికీ ఇవ్వకండి, రీసెట్ చేయించకండి. మీ ఫోన్ కూడా మార్చొద్దు. రిసార్టు సీసీ కెమెరా రికార్డు ఇప్పటికే చెరిగిపోయి ఉంటుంది. కాల్ రికార్డుల్ని మాత్రం టెలికాం కంపెనీలు కనీసం రెండేళ్లు ఉంచాలన్న నిబంధన ఉంది. ఆ రాత్రి పాప ఫోన్‌కు ఎవరెవరు చేశారో, అక్కడున్న మిగతావాళ్ల ఫోన్లు ఎవరితో మాట్లాడాయో అందులో ఉంటుంది. పోలీసులు అడిగితేనే కంపెనీలు ఇస్తాయి. రెండేళ్లలో దాదాపు సగం అయిపోయింది కాబట్టి మీ దరఖాస్తు నిశ్చితార్థం తేదీ కంటే ముందే వెళ్లాలి.