ఎర్రమందు చూసి ఫార్మసీ చదువుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి, మిర్చి వేస్తాం. మా అత్తయ్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఎర్రటి మందు ఎక్కించినప్పుడు జుట్టంతా రాలిపోయింది. బైపీసీ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి అది చూసినప్పటి నుంచి, కణితికి మాత్రమే తగిలే మందు తయారుచేసే చదువు చదువుతానని పట్టుబట్టింది. నీట్ రాయనంటోంది. ఆ చదువు ఎక్కడుంది? కీమోథెరపీ పోయే రోజు నిజంగా వస్తుందా?

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్న నుంచే మొదలుపెడతాను. ఆ ఎర్రటి మందు బహుశా డాక్సోరుబిసిన్ అయి ఉంటుంది. త్వరగా విభజన చెందే కణాలను అది దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణమా, వెంట్రుక కుదురా అని చూడదు. గుండెకూ చేటు చేస్తుంది. పత్తి చేనంతా మందు కొడితే చెడ్డ పురుగుతో పాటు అక్షింతల పురుగూ చస్తుంది కదా! అదే మందును కుంచెతో కాండానికి పూస్తే, బొట్టు పెట్టడం అంటారు చూడండి, ప్రధానంగా రసం పీల్చే పురుగుకే తగులుతుంది. మీ అమ్మాయి మనసులో ఉన్నది ఈ బొట్టు పద్ధతే. మందు అదే, పెట్టే తీరు వేరు. అందుకే కీమో పోతుందని నేను చెప్పను.

ఇది కలల్లోని సంగతి కూడా కాదు. డాక్సోరుబిసిన్‌ను కొవ్వు బుడగల్లో, అంటే లైపోజోముల్లో, నింపిన మందుకు అమెరికా 1995లోనే అనుమతి ఇచ్చింది. ఆ బుడగ వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. కణితిలోని రక్తనాళాల గోడలకు సందులెక్కువ కాబట్టి అక్కడ బయటికి జారుతుంది. గుండెకు ముప్పు తగ్గింది, కానీ కొందరికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడుతుంది. 2012లో అమెరికాలో ఈ మందుకు కొరత వస్తే మన సన్ ఫార్మా తయారీని తెప్పించుకున్నారు. అంటే ఈ పని మన దేశంలో జరుగుతున్నదే.

ఇక ప్రతిరక్షకాలకు, అంటే ఫలానా గుర్తున్న కణానికే అతుక్కునే ప్రొటీన్లకు, విషం తగిలించి పంపే మందులున్నాయి. అండాశయ క్యాన్సర్‌లో ఫోలేట్‌ను, అంటే ఫోలిక్ యాసిడ్ జాతి విటమిన్‌ను, కణం మీద పట్టుకునే గ్రాహకాన్ని వెతుక్కుంటూ వెళ్లే అలాంటి ఒక మందుకు 2022లో అమెరికాలో అనుమతి దొరికింది. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన ఎల్లాప్రగడ సుబ్బారావే. ఈ మాట అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

దాంతో పాటు ఇదీ చెప్పండి. పదేళ్ల పరిశోధనలను కలిపి చూసిన 2016 నాటి సమీక్షలో, ఎక్కించిన నానో రేణువుల్లో, అంటే లైపోజోముల్లాంటి అతి చిన్న మందు వాహకాల్లో, కణితిని చేరినవి మధ్యస్థంగా 0.7 శాతమే అని తేలింది. ఈ రంగంలో పనిచేయాలంటే ఆ అంకె చూసి కుంగిపోకూడదు.

ఇప్పుడు చదువు సంగతి. బైపీసీ పిల్లకు దారి బీఫార్మసీ, నాలుగేళ్లు, టీజీ ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా. హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాలకే మొదటి ప్రాధాన్యం ఇవ్వమంటాను. నిట్ వరంగల్‌లో బయోటెక్నాలజీ ఉంది కానీ, జేఈఈ మెయిన్‌కు గణితం కావాలి, దాన్ని వదిలేయండి. ఆరేళ్ల ఫార్మ్‌డీ ఆసుపత్రి వైపు చదువు, పేరులో డాక్టర్ వస్తుందని మోజుపడవద్దు.

బీఫార్మసీతోనే ఆగితే మాత్రం ఆమె కోరుకున్న పని దొరకదు. ఎక్కువ మంది నాణ్యత పరీక్షల్లోనో, మందుల అమ్మకాల్లోనో కుదురుకుంటారు. అది తప్పేమీ కాదు, కానీ మీ అమ్మాయి అడిగింది అది కాదు. పీజీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాసి, ఎంఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్, అంటే మందును ఏ రూపంలో శరీరానికి అందించాలో నేర్పే శాఖ, తీసుకోవాలి. హైదరాబాదులోని జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ నైపర్‌లో సీటు వస్తే మరీ మంచిది. తర్వాత పీహెచ్‌డీ. మొత్తం పదేళ్లు లెక్క వేసుకోండి, పెళ్లి మాటలు మధ్యలో తేకండి.

నేనొకసారి ఒక పీజీ విద్యార్థిని పని దగ్గర కూర్చున్నాను. గుండ్రటి అడుగున్న గాజు ఫ్లాస్కులో కొవ్వును క్లోరోఫాంలో కరిగించి, రోటరీ ఎవాపరేటర్‌కు తగిలించి తిప్పింది. ద్రావకం ఆవిరైపోయి, గాజు లోపలి గోడకు పలుచని పొర మిగిలింది. నీళ్లు పోసి మళ్లీ తిప్పితే పాలలా తెల్లబడింది. అవే లైపోజోములు. పరిమాణం కొలిస్తే సరిపోలేదు. పారబోసి మళ్లీ మొదలుపెట్టింది, ఆ వారంలో అది ఆరోసారి అట. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉందో లేదో మీకే బాగా తెలుసు.

సీటు ఎంచుకునే ముందు ఆమెను వెంటబెట్టుకుని కళాశాలలకు వెళ్లండి. ప్రయోగశాలలో రోటరీ ఎవాపరేటర్ చూపించమని అడగండి. దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే, మర్యాదగా నమస్కారం చెప్పి తర్వాతి కళాశాలకు బస్సెక్కండి.