నానమ్మ ట్రంకుపెట్టె తెరిచే ముందు

హైదరాబాద్, వారాసిగూడ

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నానమ్మ ట్రంకుపెట్టెను నువ్వు మియాపూర్‌లోని మీ ఇంటికి తీసుకుపోయావనీ, అందులోని ఫొటోలనూ, తాతయ్య డైరీల్లో రాసుకున్న చమత్కారాలనూ, మన ఇంటి పాత ముచ్చట్లనూ వారానికొకటి చొప్పున నీ ఆన్‌లైన్ మిత్రులతో పంచుకోబోతున్నావనీ చెప్పాడు. ఇరవై ఏళ్లుగా అటక మీద పడి ఉన్న ఆ పెట్టెను దించాలని మా తరంలో ఒక్కరికీ తోచలేదు. నీకు తోచింది. ఆ సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి మాత్రం గుండెల్లో ఏదో గుబులు మొదలైంది. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతానని కాగితం తీసుకున్నాను.

పని గురించిన మాటలు ముందుగా చెప్పేస్తాను. వీటిలో చాలావరకు నీకు తెలిసినవే. పాత ఫొటోలను మొబైల్‌తో తీయడం కంటే స్కాన్ చేయడం మేలు. మామూలు సైజు ప్రింటుకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) చాలు, పాస్‌పోర్టు సైజువాటికి 600 పెట్టు. ఆల్బంలోని జిగురు పేజీలకు అతుక్కుపోయినవాటిని లాగకుండా పేజీతో సహా స్కాన్ చెయ్యి. తడిగుడ్డ తగలనివ్వకు. వెనుక ఏదైనా రాయవలసి వస్తే మెత్తని పెన్సిల్‌తోనే రాయి, ఎందుకంటే బాల్‌పెన్ గీత ముందువైపుకు ఉబ్బి కనబడుతుంది.

ఫొటో వెనుకవైపును కూడా తప్పకుండా స్కాన్ చెయ్యాలి. దీనిని మాత్రం తేలికగా తీసుకోవద్దు. తాతయ్యకు ప్రతి ఫొటో వెనుకా తేదీ, ఊరు, ఉన్నవాళ్ల పేర్లు రాసే అలవాటు ఉండేది. కొన్నింటి మీద స్టూడియో ముద్ర కూడా ఉంటుంది. ఆ వెనుకవైపు పోతే ఫొటో దిక్కులేనిదైపోతుంది. మన నగరానికి రాజా దీన్‌దయాళ్ వంటి ఛాయాచిత్రకారుడు ఉండేవారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1905లో కాలం చేశారు. ఆయన తీసిన కోటలూ దర్బారులూ ఈనాడు ఫోన్లలో ఆయన పేరు లేకుండానే తిరుగుతుంటే చూసి నేను బాధపడుతుంటాను. కనుక నీది కాని ఫొటో పెడితే తీసినవారి పేరు రాయి, తెలియకపోతే తెలియదని రాయి. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించిన తరువాత, ఫొటో తీసినవారు పోయిన 60 ఏళ్ల దాకా కూడా ఆ హక్కు వారి వారసులదే అవుతుందన్న సంగతి గుర్తుంచుకో.

ఆ దీన్‌దయాళ్ గారే 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు సంకోచం లేకుండా ఫొటో తీయించుకోవడానికి వీలుగా దాని బాధ్యతను ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ పెట్టెలో మీ నానమ్మ జడ విప్పుకుని, పెరట్లో కుంకుడుకాయల రసం గిన్నె పక్కన కూర్చుని నవ్వుతున్న ఫొటో ఒకటి ఉంది. తీసింది తాతయ్య. అంత అందమైన ఫొటో మన ఇంట్లో ఇంకొకటి లేదు. కానీ అమ్మ దానిని ఏనాడూ చుట్టాలకైనా చూపించలేదు. ఆల్బంలో పెట్టకుండా చీర మడతలో దాచుకునేది. ఆమె ఇప్పుడు లేదు కాబట్టి అడిగే వీలు లేదు. అది ఇంట్లోవాళ్లం చూసుకోవడానికే ఉండాలని నా కోరిక, తల్లీ. నీకు వేరే అభిప్రాయం ఉంటే మీ అత్తయ్యలతో మాట్లాడి నిర్ణయించు, ఒక్కదానివే నిర్ణయించకు.

తేదీల గురించి నాకు ఉన్న భయం కూడా చెప్పాలి. 2000 ఆగస్టులో నగరాన్ని ముంచెత్తిన వానలకు అశోక్‌నగర్‌లో మనం అద్దెకున్న ఇంటి మూడో మెట్టు దాకా నీళ్లు వచ్చాయి. ఆ ఫొటో ఆ పెట్టెలోనే ఉంది. నువ్వు దానిని ఏ జూలైలోనో తేదీ లేకుండా పెట్టావనుకో, చూసినవాళ్లలో ఒకరు ఇది ఇవాళ్టిదనుకుని ఇంకొకరికి పంపుతారు, ఎక్కడో ఉన్న తల్లి ఇక్కడి హాస్టల్లో ఉన్న కొడుకు కోసం ఆ రాత్రంతా ఏడుస్తుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి మా తాతగారు చెప్పేవారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారన్న కథ నువ్వూ విన్నదే. ఆ వరదదంటూ వచ్చే ప్రతి ఫొటోనూ నమ్మి ముందుకు పంపకు. ముందు ఫొటోతోనే వెతికే గూగుల్ లెన్స్‌లో వెతికి, ఎక్కడెక్కడ ఏ పేరుతో ఉందో చూడు. తేదీని ఫొటో కింద రాస్తే సరిపోదు, ఫొటో మీదనే ఒక మూల రాయి. కింద రాసిన మాటలు మొదటి మజిలీలోనే ఊడిపోతాయి.

ఇదంతా ముసలివాడి చాదస్తమని తీసిపారేయకు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు ఫోన్లలో వ్యాపించి, మన నగరంలోనే, చాంద్రాయణగుట్టలో, ఏ పాపమూ ఎరుగని ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. పంపినవాళ్లలో ఎందరో మంచి చేస్తున్నామనే అనుకుని ఉంటారు.

ఇక నేను చేసిన తప్పు గురించి చెబుతాను. మీ నాన్నకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

నీ చిన్నప్పుడు ఎప్పుడు వచ్చినా నీకు పల్లీపట్టీలు తెచ్చే హెడ్మాస్టరు మామయ్య గుర్తున్నాడు కదా. అతనూ నేనూ ఉస్మానియాలో కలిసి చదువుకున్నాం. 1975లో వీడ్కోలు రోజున ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నలుగురం నిలబడి ఫొటో తీయించుకున్నాం. ఆ ఫొటోలో అతను వేసుకున్న గళ్ల చొక్కా నాది. అతనికి అప్పట్లో రెండే చొక్కాలు ఉండేవి. తండ్రి లేడు, వచ్చిన స్కాలర్‌షిప్‌లో సగానికి పైగా ఊళ్లో తల్లికీ చెల్లెళ్లకూ పంపేవాడు. ముందు రోజు రాత్రి అతను అడగలేదు, నేనే ఇచ్చాను. 2008లో, ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ సైటులో మా పాత మిత్రులమంతా ఒకచోట చేరినప్పుడు, అందరికంటే ముందు ఆ ఫొటోను సంపాదించి పెట్టానన్న ఉత్సాహంలో దాని కింద ఇలా రాశాను: ‘హీరో గారిని చూసి మోసపోకండి, చొక్కా మాత్రం మనది, ఫొటో అన్నప్పుడల్లా వారు మా పెట్టె మీద పడేవారు.’ అందరూ పగలబడి నవ్వారు. ఒకరు ప్యాంటు ఎవరిదని అడిగారు, ఇంకొకరు పెళ్లినాటి సూటు ఎవరిదని అడిగారు. నేను ప్రతిదానికీ జవాబు రాస్తూ ఇంకా నూనె పోశాను. అప్పటికి రెండు నెలల క్రితమే అతని పెద్దమ్మాయి పెళ్లయిందనీ, కొత్త అల్లుడి అన్నగారు మా గుంపులోనే ఒకరికి స్నేహితుడనీ నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

అతను ఒక్క మాట రాయలేదు. నెలకొకసారి మేమంతా సికింద్రాబాద్‌లో ఇరానీ హోటల్లో కలిసేవాళ్లం. ఆ నెల రాలేదు, ఆ పై నెలా రాలేదు. మోకాళ్ల నొప్పులట అని ఎవరో అన్నారు. నాలుగో నెలలో నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. ముందు గదిలో, టీవీ పైన, ఆ ఆర్ట్స్ కాలేజీ ఫొటో చట్రం కట్టించి ఉండేది, ముప్పై ఏళ్లుగా నేను వెళ్లినప్పుడల్లా చూసినదే. ఆ రోజు గోడకు మేకు మాత్రమే ఉంది, దాని కింద చట్రం మేర సున్నం తెల్లగా కనబడుతోంది. నాకు అర్థమైంది. అర్థమై కూడా, అమ్మలూ, నేను వానల గురించీ పింఛను గురించీ మాట్లాడి, చాయ్ తాగి లేచి వచ్చేశాను. నేను చేసిన రెండు తప్పుల్లో ఇదే పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండేళ్లు పట్టింది క్షమించమని అడగడానికి. బొల్లారం వెళ్లే బస్సు కోసం నిలబడి ఉండగా అడిగాను. అతను కోపగించుకోలేదు. కాసేపు రోడ్డువైపే చూసి, ‘నువ్వు రాసింది అబద్ధం కాదు. కానీ ఆ చొక్కా మర్నాడే ఉతికి, ఇస్త్రీ చేయించి నీ మంచం మీద పెట్టాను, అది రాయలేదేం?’ అన్నాడు. ఇస్త్రీకి ఆ రోజుల్లో అతను ఎక్కడి నుంచి డబ్బు తెచ్చాడో నేను ఆనాడూ ఆలోచించలేదు, ఫొటో పెట్టిననాడూ ఆలోచించలేదు.

ఆ రాత్రే ఫొటో తీసివేసి, మిగిలిన కథ రాశాను. మొదటిది చదివినవాళ్లలో నలుగురైనా దానిని చదివి ఉండరు. 2014లో ఆర్కుట్ మూతపడినప్పుడు ఇంతటితో పీడ పోయిందనుకున్నాను. ఐదేళ్ల తరువాత అదే ఫొటో, అదే నా పిచ్చి రాత, ‘పాత రోజుల స్నేహాలు’ అన్న పేరుతో, ఎవరో ముఖమెరుగని మనిషి పంపగా చుట్టూ తిరిగి నా ఫోన్‌కే వచ్చింది.

అందుకని నిన్ను అడుగుతున్నాను: ఫొటోలో ఉన్నవాళ్లు బతికి ఉంటే ఫోన్ చేసి అడుగు, వాళ్లు ‘దానిదేముందమ్మా’ అన్నా నువ్వు రాసిన నాలుగు వాక్యాలూ చదివి వినిపించు. పోయినవాళ్లయితే వాళ్ల పిల్లలను అడుగు. నవ్వు కోసం కథలో సగాన్ని కోసివేస్తున్నావేమో ఒకసారి చూసుకో.

తాతయ్య చమత్కారాల్లో కొన్ని ఆ కాలానికే చెల్లాయి. భార్యల మీద, నత్తి మీద, ఊరి యాస మీద, మన పాతబస్తీ మిత్రుల ‘నక్కో’ (వద్దు), ‘హౌ’ (అవును) అనే ఉర్దూ మాటల మీద వేసినవి ఉన్నాయి, తాతయ్య మీద నాకు ఎంత గౌరవమున్నా అవి డైరీలోనే ఉండనీ. మంచివి బోలెడు ఉన్నాయి. మీ నాన్నకు ఆరేళ్లప్పుడు నుమాయిష్‌లో చెయ్యి వదిలి తప్పిపోతే, మైకు దగ్గర ఉన్నవాళ్లు ఎవరు బాబూ నువ్వు, తప్పిపోయావా అని అడిగారట. వీడు ఏడవకుండా, ‘నేను ఇక్కడే ఉన్నాను, మా నాన్నే తప్పిపోయాడు, పిలవండి’ అన్నాడట. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమంతా వినబడేలా తాతయ్య పేరు పిలిచారు. దీనితోనే మొదలుపెట్టు. జనవరి ఒకటిన నుమాయిష్ తెరుస్తారు కదా, ఆ రోజున పెడితే ఇంకా బాగుంటుంది. మీ నాన్న సరేనంటాడని నాకు తెలుసు, అయినా అడుగు.

ఇంకొక భయం ఉంది, ఇది డబ్బుకు సంబంధించినది. పాత ముచ్చట్లు మొదలైతే నీ మొదటి బడి ఏది, ఇంట్లో మొదటి స్కూటర్ నంబరెంత, అమ్మ పుట్టింటి పేరేమిటి అని సరదాగా అడుగుతారు. బ్యాంకు ఖాతాల పాస్‌వర్డు మరిచిపోతే అడిగే ప్రశ్నలు కూడా ఇవే. పెట్టెలో తాతయ్య పాస్‌బుక్కులూ, రేషన్ కార్డూ, నేను పుట్టినప్పుడు వచ్చిన టెలిగ్రామూ ఉన్నాయి. టెలిగ్రాముల కాలం 2013 జూలైలో ముగిసింది కాబట్టి నీ మిత్రులకు అది వింతగా ఉంటుంది, తప్పక చూపించు. పేర్లూ చిరునామా మాత్రం కప్పి చూపించు. ఎవరైనా మాటల్లో పెట్టి డబ్బు లాగితే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యి. ఇప్పటి ఫోన్‌తో ఇంట్లో తీసిన ఫొటోల్లో చోటు వివరాలు కూడా దాగి ఉంటాయి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అవీ వెంట వెళతాయి. పిల్లవాడి స్కూలు యూనిఫాం కనబడే ఫొటోలు అసలే వద్దు.

ఇన్ని వద్దులు రాశానని పని మానుకోకు. మానుకుంటే నాకు ఇంకా బాధగా ఉంటుంది.

డబుల్ డెక్కర్ బస్సు ముందు నానమ్మతో పాటు నిలబడిన ముగ్గురు ఆడవాళ్లలో చివరి ఆమె ఎవరో ఫొటో వెనుక కూడా రాసి లేదు. చెప్పగలిగినది నల్లకుంట పెద్దత్తయ్య ఒక్కతే. ఆమెకు పొద్దుటిపూట జ్ఞాపకం బాగుంటుంది, మధ్యాహ్నానికి అలసిపోతుంది. ఆదివారం తొమ్మిదింటికల్లా ఇక్కడికి రా, ఇద్దరం కలిసి వెళదాం. ఆ ఫొటోను ప్లాస్టిక్ కవరులో కాకుండా మామూలు కాగితపు కవరులో పెట్టి తీసుకురా. భూతద్దం నా దగ్గర ఉంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న