పాటలో మనిషి వేరు, పాడిన మనిషి వేరు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎమ్మెస్‌లో పరిచయమైన అమ్మాయిని నాలుగేళ్లు ప్రేమించాను. వాళ్లింట్లో ఒప్పుకోలేదు, పోయినేడాది ఆమెకు పెళ్లయిపోయింది. ఆఫీసులో ఒకాయన అమెరికా పల్లె బాణీలో సాగే కంట్రీ పాటలు అలవాటు చేశాడు. జార్జ్ జోన్స్ ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ పెట్టుకుని రాత్రిళ్లు కారులో తిరుగుతున్నాను. ప్రేమంటే అదే అనిపిస్తోంది. ఆమె పాత మెసేజ్‌లు చదువుతుంటే తెల్లారిపోతోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: పాటలు మానేయమని చెప్పను. ఆ స్టీల్ గిటార్ మీద స్వరం జారుతూ పోతుంటే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. నాలుగేళ్ల బంధం తెగాక ఏడుపు రావడం సహజం. నన్ను కలవరపెట్టింది ‘ప్రేమంటే అదే’ అన్న మీ మాట.

ఆ పాటలో మనిషి 1962 నాటి ఉత్తరాలు మంచం పక్కన పెట్టుకుంటాడు. ప్రేమిస్తున్నానని రాసి ఉన్న ప్రతిచోటా ఎర్రగా గీత గీసుకుంటాడు. చచ్చిపోయిన రోజున గానీ ప్రేమించడం మానడు. మీరు ఫోన్‌లో చేస్తున్నదీ అదే కదా!

ఇక పాడినాయన సంగతి చూడండి. భార్య, గాయని టామీ వైనెట్‌తో జోన్స్‌కు 1975లో విడాకులయ్యాయి. 1980లో ఈ పాట వచ్చేనాటికి తాగుడుతో, కొకైన్‌తో చితికిపోయి ఉన్నాడు. 1983లో నాన్సీని పెళ్లాడాడు. తనను కాపాడింది ఆమేనని చెప్పుకునేవాడు. 2013లో, 81వ ఏట చనిపోయాడు. చనిపోయిన నెలలో కూడా స్టేజీ ఎక్కి పాడాడు. అయితే నాన్సీ రాగానే అన్నీ సర్దుకోలేదు. మందు పూర్తిగా వదిలింది 1999లో కారు ప్రమాదం జరిగాకే. అన్నేళ్లూ ఆవిడ ఎంత టెన్షన్ పడి ఉంటుందో ఆలోచించండి.

అందుకే ఇప్పుడే పెళ్లికి ఒప్పుకోకండి. ‘పెళ్లయితే అన్నీ మర్చిపోతాడు’ అని పెద్దవాళ్లు అంటారు, కానీ వచ్చే అమ్మాయి మీకు మందు కాదు. ఆమెకు అన్యాయం చేయకండి. అమ్మకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కొన్నాళ్లు ఆగమనండి. కోప్పడితే పడనివ్వండి.

ఆ మెసేజ్‌లు మాత్రం ఈ వారంలోనే తీసేయండి. ఆమె ఇప్పుడు వేరొకరి ఇంట్లో ఉంది, అవి మీ దగ్గర ఉండటం ఆమెకూ మంచిది కాదు. ఒక్కరే కూర్చుని తీసేయలేకపోతే స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. రాత్రి డ్రైవింగ్ మానేయండి, నిద్ర లేకుండా స్టీరింగ్ పట్టుకోవడం ప్రమాదం. పాటలు పగలు, నలుగురిలో ఉన్నప్పుడు వినండి.

రెండు మూడు వారాల్లో నిద్ర దారికి రాకపోతే అక్కడే ఒక కౌన్సెలర్‌ను కలవండి. బతకాలనిపించని ఆలోచన ఒక్కసారి వచ్చినా అక్కడి హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే పలుకుతారు.