యాప్‌లో నేర్చిన జర్మన్ నోటికి రావాలంటే

ఈసారి సెలవులకు హన్మకొండ వచ్చిన నాలుగో రోజున మా అన్న కూతురు తన ఫోను నా చేతికిచ్చింది. సెప్టెంబరులో ఎం.ఎస్. చదవడానికి జర్మనీ బయలుదేరుతున్న ఆ పిల్ల, ఒక్క రోజు కూడా తప్పకుండా 214 రోజులుగా డుయోలింగో అనే యాప్‌లో జర్మన్ నేర్చుకుంటోంది. "అత్తా, ఇది సరిపోతదా, ఇంకేమన్న చెయ్యాల్నా?" అని అడిగింది. నయీంనగర్‌లోని మా ఇంటికి ఈ నెలలో వచ్చిన మరో ముగ్గురు పిల్లలు అడిగింది కూడా ఇదే కనుక, పద్దెనిమిదేళ్లుగా స్టట్‌గార్ట్‌లో ఉంటున్న నాకు అనుభవం మీద తెలిసిన సంగతులను అందరికీ కలిపి రాస్తున్నాను.

జవాబు చెప్పే ముందు ఆమెకు ఒక కాగితం ఇచ్చి, జర్మన్‌లో ఒక ఫోన్ నంబరు చెప్పాను. అక్కడివారు నంబర్లను చాలాసార్లు రెండేసి అంకెలుగా చెబుతారు. అందులోనూ ఒకట్ల స్థానాన్ని ముందు పలుకుతారు కాబట్టి 56 అన్నది 'ఆరూ యాభై' అన్నట్టుగా చెవిన పడుతుంది. నేను 'జెక్స్ ఉంట్ ఫ్యున్ఫ్‌సిష్' అనగానే ఆమె పెన్ను 6 రాసింది, దాని పక్కన 5 రాసింది, ఆ తర్వాత వచ్చే అంకెలు అందుకోలేక ఆగిపోయింది. అదే మాట తెర మీద కనిపించి ఉంటే క్షణంలో సరైన గడిని నొక్కి ఉండేది. కళ్ల ముందున్న నాలుగు మాటల్లో సరైనదాన్ని గుర్తుపట్టడం వేరు, ఎదుటి మనిషి నోటి నుంచి వచ్చిన మాటను పట్టుకుని, మన మాటను మనమే అల్లి చెప్పడం వేరు. యాప్ మొదటిదాన్ని బాగా నేర్పుతుంది, రెండోదాన్ని చాలా తక్కువగా నేర్పుతుంది.

అలాగని యాప్ మానేయమని నేను చెప్పను. నేర్చుకున్నది ఎంత త్వరగా మరిచిపోతామో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, తన మీదే పరీక్షించుకుని 1885లో ప్రచురించాడు. మరిచిపోయే సమయానికి అదే మాటను యాప్ మళ్లీ ముందుకు తెచ్చే పద్ధతికి మూలం అటువంటి పరిశీలనల్లోనే ఉంది. అందువల్ల పాత మాటలే మళ్లీ మళ్లీ అడుగుతోందని విసుక్కోకుండా, ఆ పునశ్చరణను పూర్తిగా వాడుకోండి. చేయవలసిన మార్పు ఒక్కటే. ప్రశ్న రాగానే కింద ఉన్న మాటల గడులను అరచేత్తో మూసి, జవాబును ముందు గట్టిగా పైకి చెప్పి, ఆ తర్వాతే చెయ్యి తీసి నొక్కండి. కీబోర్డుతో రాసే వీలున్న చోట రాయండి. ఇలా చేస్తే పది నిమిషాల పాఠానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ అదనపు పది నిమిషాల్లోనే భాష నోటికి ఎక్కుతుంది. మా నాన్న ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా ఉండేవారు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే మిర్చి వ్యాపారులతో రోజూ తెల్లవారుజామున ధర మాట్లాడక తప్పదు కనుకనే, హిందీ, ఉర్దూల్లో అక్షరం ముక్క చదవకుండానే వాటిని ధారాళంగా మాట్లాడగలిగారు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచే సంగతి చెబుతాను. మన పిల్లలందరూ యాప్‌లో జర్మన్‌ను ఇంగ్లిష్ ద్వారా నేర్చుకుంటున్నారు, కానీ చాలాచోట్ల తెలుగు దారే దగ్గరి దారి. 'నాకు చలిగా ఉంది' అనడానికి జర్మన్‌లో 'మీర్ ఇస్ట్ కాల్ట్' అంటారు. 'మీర్' అంటే అచ్చంగా మన 'నాకు'. ఇంగ్లిష్ వాక్యాన్ని పట్టుకుని వెళ్లినవారు 'ఇష్ బిన్ కాల్ట్' అంటారు, అది వినేవారికి మనసులో ప్రేమ లేని మనిషినని చెప్పుకున్నట్టు వినిపించవచ్చు. 'అది నాకు నచ్చింది' అన్నది 'డాస్ గెఫేల్ట్ మీర్', 'నాకు తల నొస్తున్నది' అన్నది 'మీర్ టూట్ డెయర్ కోప్ఫ్ వే'. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు ఈ వాక్యాలను వింతలుగా బట్టీ పడుతుంటే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వాటి అచ్చు అమ్మ మాటల్లోనే వారికి దొరికింది. 'ఎందుకంటే నాకు ఇవ్వాళ టైం లేదు' అనే వాక్యం సంగతీ అంతే. 'వైల్ ఇష్ హాయ్టె కైనె త్సైట్ హాబె' అన్నప్పుడు క్రియ మన భాషలో లాగే చివరికి వెళ్లి కూర్చుంటుంది. అయితే ఇది 'వైల్' (ఎందుకంటే), 'డాస్' (dass, అంటే మన 'అని') వంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యాల వరకే. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలోనే ఉండాలి. 'నువ్వు', 'మీరు' తేడా కూడా 'డూ', 'జీ' అనే రూపాల్లో అక్కడ ఉంది. తోటి విద్యార్థులను 'డూ' అనవచ్చు గానీ, ఆఫీసు కౌంటరు దగ్గర, డాక్టరు దగ్గర, ఇంటి ఓనరుతో 'జీ' అనే మాట్లాడండి. యాప్‌లో కొత్త వాక్యం వచ్చిన ప్రతిసారీ, ఇంగ్లిష్ అనువాదం చూశాక, ఇదే మాటను మన ఇంట్లో ఎలా అంటారో ఒక్క క్షణం ఆలోచించండి. నామవాచకాలను మాత్రం వాటి లింగాన్ని తెలిపే 'డెయర్', 'డీ', 'డాస్' (das)తో కలిపే రాసుకోండి, వాటికి తెలుగు సాయం దొరకదు.

అన్నిచోట్లా తెలుగును నమ్మకూడదని చెప్పడానికి నా సొంత అనుభవం ఒకటి ఉంది. నేను వెళ్లిన మొదటి నెలలో డాక్టరు దగ్గర 'హాల్ప్ ద్రై'కి రమ్మన్నారు. మన 'మూడున్నర' లాంటిదే అనుకుని మూడున్నరకు వెళ్లాను. ఆ మాటకు అర్థం 'మూడు కావడానికి ఇంకా అరగంట ఉన్న సమయం', అంటే రెండున్నర. జ్వరంతో వెళ్లినదాన్ని, ఇంకో రోజు రమ్మంటే వెనక్కి వచ్చాను. ఉచ్చారణలోనూ మనకు లేని శబ్దం ఒకటుంది. 'ఈ' అనేటప్పుడు నాలుక ఎక్కడుంటుందో అక్కడే ఉంచి, పెదవులను మాత్రం 'ఊ' అన్నట్టుగా చుడితే ఆ శబ్దం వస్తుంది. అది రాకపోతే 'డ్ర్యుకెన్' అనే మాట 'డ్రుకెన్' అయిపోయి, 'నొక్కడం' కాస్తా 'ముద్రించడం' అవుతుంది. అద్దం ముందు నిలబడి వారం రోజులు సాధన చేస్తే చాలు.

డుయోలింగో ఒక్కదానితో ఆగవద్దు. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె ఉచితంగా ఇచ్చే 'నీకోస్ వేగ్' వీడియో పాఠాలు తొలి మెట్టయిన ఏ1 నుంచి మధ్యస్థాయి బి1 దాకా ఉన్నాయి, వాటిలో మనుషులు మామూలుగా మాట్లాడుకుంటారు. సొంత మాటల కార్డులు చేసుకోవడానికి ఆంకీ అనే యాప్ మంచిది. పరీక్ష విషయానికొస్తే, ఏ1 మౌఖికంలో మీ పరిచయం చెప్పాక ఒక పేరును అక్షరం అక్షరంగా పలకాలి, ఒక నంబరు చెప్పాలి. నేను ఆ కాగితం పరీక్ష పెట్టింది అందుకే. గోథే సంస్థ పెట్టే బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాల్లోనూ విడివిడిగా నూటికి 60 రావాలి కాబట్టి, చదవడంలోని బలం మాట్లాడడంలోని బలహీనతను పూడ్చదు. ఉద్యోగంలో చేరి, చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు అనే నివాస అనుమతి పొందినవారికి ఏ1 ఉంటే 27 నెలలకు, బి1 ఉంటే 21 నెలలకు శాశ్వత నివాసం అడిగే అర్హత వస్తుంది. యూనివర్సిటీ చదువు ఇంగ్లిష్‌లోనే కదా అని ఊరుకునే పిల్లలు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

మా అన్న కూతురుతో ఒక ఒప్పందం చేసుకున్నాను. రోజూ రాత్రి పాఠం అయ్యాక, ఆ రోజు ఏం తిన్నదో, ఎక్కడికి వెళ్లిందో ఒక నిమిషం జర్మన్‌లో చెప్పి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపుతుంది, నేను తప్పులు దిద్ది పంపుతాను. మీకు అక్కడ తెలిసినవారు లేకపోతే, మీతో పాటు వెళ్తున్న ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరికొకరు పంపుకోండి. జర్మనీ చేరిన వారంలోనే అక్కడ మీరుండే ఊరి ఫోల్క్స్‌హోఖ్‌షూలెకు వెళ్లి సాయంత్రం తరగతిలో పేరు రాయించుకోండి. నగరపాలక సంస్థల అండతో నడిచే ఈ వయోజన విద్యాకేంద్రాల్లో రుసుము తక్కువ, చలికాలం తరగతులు ఎక్కువగా సెప్టెంబరులోనే మొదలవుతాయి. పేరు రాయించుకోవడానికి వెళ్లినప్పుడు అవతలివారు ఇంగ్లిష్‌లో మాట్లాడబోయినా, 'బిట్టె లాంగ్సామర్', కొంచెం నిదానంగా చెప్పండి అని అడిగి, ఆ పని జర్మన్‌లోనే ముగించుకుని రండి.