మెదడులో కొత్త కణాన్ని ఎలా పట్టుకుంటారు?

ప్రశ్న: పెద్దయ్యాక కూడా మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయని మా జువాలజీ సార్ చెప్పారు. వేల కణాల మధ్య కొత్తదేదో ల్యాబులో ఎలా గుర్తుపడతారు?
– బీఎస్సీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: చూస్తే తెలియదమ్మా, ముందే గుర్తు పెట్టాలి. ఎలుకకు బీఆర్‌డీయూ అనే పదార్థం ఇంజెక్షన్ ఇస్తారు. మూలకణం విభజనకు ముందు డీఎన్ఏ నకలు తీసేటప్పుడు, డీఎన్ఏకు ఇటుకలాంటి థైమిడిన్ అనుకుని దాన్ని కలిపేసుకుంటుంది. మన దిక్కు గొర్రెకు రంగు పూసి మందలో వదిలినట్టే.

కొన్ని వారాలకు మెదడు తీసి, గట్టిపరిచి, 30 శాతం చక్కెర ద్రావణంలో వేస్తారు. మొదట తేలుతుంది. అడుగుకు మునిగిందంటే గడ్డకట్టించి కోయడానికి సిద్ధం. పొర మందం మిల్లీమీటరులో 25వ వంతు. ఆ పొరల్ని సన్నని పెయింటింగ్ బ్రష్‌తో గిన్నె నుంచి గిన్నెకు మార్చాలి. నాకు మైక్రోస్కోపు దగ్గర కన్నా ఇక్కడే టెన్షన్!

ఆపైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో డీఎన్ఏ పోగులు విడదీస్తేనే, ఆ గుర్తుకు అతుక్కునే రంగు యాంటీబాడీ దాన్ని అందుకుంటుంది. దాని బదులు అలాంటిదే అయిన ఈడీయూ వాడితే ఈ ఆమ్లం బాధ ఉండదు. అది నాడీకణమేనని నాడీకణాల్లో ఉండే న్యూఎన్ అనే ప్రొటీన్ రెండో రంగులో చెప్పాలి. రెండు రంగులూ ఒకే కణానివా, ఒకదాని కింద ఒకటున్న రెండు కణాలవా? కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు లోతు లోతుకూ ఫొటో తీసి తేలుస్తుంది.

మనుషుల సంగతా? వ్యాధి పరీక్షలో భాగంగా బీఆర్‌డీయూ ఎక్కించిన క్యాన్సర్ రోగులు చనిపోయాక, వాళ్ల మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో గుర్తున్న కణాలు దొరికాయని 1998లో ప్రకటించారు. 2018లో ఇంకో బృందం పెద్దల్లో కొత్త నాడీకణాలు కనిపించనే లేదంది. మరణించాక మెదడును భద్రపరచడం ఆలస్యమైతే, లేతకణాల గుర్తు డబుల్‌కార్టిన్ చెరిగిపోతుంది. అందుకే ఆ వాదన తెగడం లేదు.